కప్పుల మేస్త్రి నేర్పిన ఫ్రెంచి

తిరిగొచ్చి పట్టుమని నెల కాకముందే బుల్లికి ఒక మాట జారిపోయింది. చెంచా కోసం వంటింట్లో సొరుగు లాగింది. అలవాటు కొద్దీ మనసులో దాన్ని ఫ్రెంచిలో పిలవబోయింది. మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. చెంచా వచ్చింది, కత్తి వచ్చింది, గిన్నె, మూత, మూతకుండే పిడి కూడా వచ్చాయి. సొరుగు మాత్రం రాలేదు. ఆమె సొరుగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏం పోగొట్టుకున్నావే?" అంది తల్లి వెనకనుంచి.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే మూసెయ్. బొద్దింకలు దూరతాయి."

బుల్లి అనేది ఇంట్లో పిలుపు. ముప్ఫై దాటినా ఆ పిలుపు పోలేదు. ఒక మెడికల్ షాపు పైఅంతస్తులో ఉన్న భాషల స్కూల్లో ఆమె కొత్తగా చేరినవాళ్లకి ఫ్రెంచి చెప్పేది. ఆ స్కూలు వాళ్లు టీచర్లలో ఒకరిని ఎంచి, ఆ భాష మాట్లాడే దేశానికి ఒక వేసవి పాటు పంపేవారు. ఆ ఏడు ఆమె వంతు వచ్చింది. అక్కడ ఒక చిన్న ఊళ్లో, పోస్టాఫీసులో చేసి రిటైరైన ఒక ముసలావిడ ఇంట్లో ఉంది. ఆ ఇంట్లో మరో భాష వినబడకూడదన్నది షరతు. భోజనం దగ్గర బుల్లి నోట తప్పు దొర్లితే ముసలావిడ గరిటె గాల్లోనే ఆపేసేది. వాక్యం సరిగ్గా వచ్చేదాకా సూపు పళ్లెంలో పడేది కాదు. మొదటి వారం ఏడుపొచ్చింది. వేసవి చివరికి కలలు కూడా ఫ్రెంచిలోనే వచ్చాయి.

తిరిగొచ్చేసరికి స్కూల్లో పిల్లలు పలచబడ్డారు. అందరూ ఫోన్లోనే పాఠాలు వింటున్నారు. "బ్యాచ్ పడితే కబురు చేస్తాం" అన్నారు. కబురు రాలేదు. సొరుగు సంగతి జరిగిన మర్నాడు ఆమె మాస్టారి దగ్గరికి వెళ్లింది. అక్షరాల నుంచీ ఆమెకి ఫ్రెంచి నేర్పినవాడు ఆయనే.

"ఇంతేనమ్మా, వాడకపోతే పోతుంది," అన్నాడాయన. "వేసవంతా పడ్డ కష్టం చలికాలానికి ఆవిరైపోతుంది. నువ్విక్కడ ఆగకు. అనువాదంలో పైచదువు చదువు. నువ్వెళ్లొచ్చిన దేశపు యూనివర్సిటీలో రెండేళ్ల కోర్సుంది. స్కాలర్‌షిప్పు సీట్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. అయినా నీకు రావాలి."

"పరీక్ష కష్టమటగా, మాస్టారూ?"

"రాయడం నీకు కష్టం కాదు. చెవి చాలదు నీకు. ఆవిడెవరో ముసలావిడ నీకోసం నిదానంగా మాట్లాడి ఉంటుంది. పరీక్షలో ఎవరూ నీకోసం నిదానించరు."

ఆ మాట బుల్లి పట్టుకుంది. ముందుగదిలో తల్లి కుట్టుపని నడిపేది. ప్యాంట్ల కాళ్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం, కోట్లకి కొత్త లైనింగు వేయడం. బుల్లి పక్కన కూర్చుని పాత కుట్లు విప్పుతూ చెవిలో ఫ్రెంచి రేడియో పెట్టుకునేది. విన్న ప్రతి వాక్యాన్నీ పైకి అప్పజెప్పేది. కొలతలిచ్చే పెద్దమనుషులు ఉలిక్కిపడి చూసేవారు. "ఉండేది ఇద్దరం," అనేది తల్లి సూదిలోకి దారం ఎక్కిస్తూ, "ఇల్లేమో సంతలా ఉంటోంది." ఆదివారం ఆదివారం బుల్లి పోస్టావిడకి ఫోన్ చేసేది. కానీ ఆవిడకి చెవుడు ముదురుతోంది. ప్రతి వారం అదే వాన, అదే పిల్లి, అదే మోకాలు. కొత్త మాట ఒక్కటి తగిలేది కాదు.

అలాంటప్పుడు భాషల స్కూల్లో ఒకప్పుడు తనతో పనిచేసిన స్నేహితురాలు కనబడింది. జుట్టుని బట్టి అందరూ ఆమెని ఉంగరాలు అనేవారు.

"మా ఆఫీసుకి రా," అంది ఉంగరాలు. "ఫ్రెంచి దేశంలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల మెళ్లో బొత్తాం ఉంటుంది. పడిపోయినా, ఊపిరాడకపోయినా నొక్కుతారు. ఆ ఫోను మనకొస్తుంది. మనం మాట్లాడి అంబులెన్సుని పంపాలి. పొద్దస్తమానం ఫ్రెంచే. ఆర్నెల్లు కూర్చున్నావంటే పుస్తకాలన్నీ కలిసి నేర్పనిది నేర్చేసుకుంటావు."

"అంబులెన్సు పని నా ఫ్రెంచితోనా?"

"భయపడకు. పడిపోయి చేసేవాళ్లు తక్కువ. తోచక చేసేవాళ్లే ఎక్కువ."

ఆ ఆఫీసు ఒక కార్ల షోరూం వెనక ఉంది. కిటికీలకి నల్ల కాగితం అంటించారు. బూడిదరంగు అట్టగోడల మధ్య వరసలు వరసలుగా బల్లలు. ఏసీ చల్లదనానికి ఆడవాళ్లంతా శాలువాలు కప్పుకుని కూర్చునేవారు. బొత్తాం నొక్కగానే తెరమీద ఒక గడి ఎర్రబడుతుంది. ఆ మనిషి వయసు, జబ్బులు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, దగ్గరి చుట్టం ఎవరు, అన్నీ పక్కనే కనబడతాయి. అడగవలసిన రెండు ప్రశ్నలూ ప్రతి బల్లకీ అంటించి ఉంటాయి: పడ్డారా? నొప్పి ఉందా? వీటికి తిన్నగా జవాబు రాకపోతే ఇంకేం ఆలోచించక అంబులెన్సుని పంపాలి. అదొక్కటే రూలు. ట్రైనింగులో, వాళ్ల వరసని చూసుకునే లీడ్ సార్ అదే రూలుని మార్చి మార్చి చెప్పాడు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గొంతు సవరించుకుంటూ ఉండే మనిషి.

ఉంగరాలు చెప్పింది అబద్ధం కాదు. వాన వస్తుందా అని ఒకావిడ నొక్కేది. డబ్బా మూత రావడంలేదని ఒకావిడ. చచ్చిపోయిన మొగుడు ఇంకా ఇంటికి రాలేదని ఇంకొకావిడ. నిజంగా పడ్డవాళ్లూ ఉండేవారు. స్నానాలగది నేలమీద నుంచి వచ్చే గొంతుకి ఒక రకమైన బోలుదనం ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడం బుల్లి మొదటి నెలలోనే నేర్చుకుంది. చెవి పదునెక్కింది. పళ్లు లేని నోళ్లు, ఏడుపులో మింగేసిన అక్షరాలు, పాతకాలపు తిట్లు అన్నీ పట్టుబడసాగాయి. ఇంటికొచ్చి రేడియో పెడితే వార్తలు చదివేవాళ్లు మరీ నత్తనడక నడుస్తున్నట్టు అనిపించింది.

కప్పుల మేస్త్రి తగిలింది అప్పుడే. ఒక కొండప్రాంతపు ఊళ్లో, మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలాయన. బతుకంతా ఇళ్ల కప్పులకి పలకరాళ్లు పరిచాడు. భార్య పోయింది. కూతురు దూరపు నగరంలో ఉంటోంది, పట్టుబట్టి తండ్రి మెళ్లో ఈ బొత్తాం వేయించింది. రోజూ పొద్దున కాఫీ తాగాక ఆయన బొత్తాం నొక్కేవాడు.

"పడ్డారా, మేస్త్రి గారూ?"

"కప్పులమీద నుంచే పడలేదు, కుర్చీలోంచి పడతానా? పనిచేస్తోందో లేదో చూద్దామని నొక్కాను."

"పనిచేస్తోందండీ."

"నువ్వు మా దేశపు పిల్లవి కావు కదూ? నీ మాట మరీ ఇస్త్రీ చేసినట్టుంది."

ఆమెకి నవ్వొచ్చింది. మర్నాడు ఆయన గడి ఎర్రబడగానే పక్క బల్లవాళ్లకి పోకుండా తనే అందుకుంది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. పని లేకుండా నొక్కేవాళ్లని మర్యాదగా, త్వరగా వదిలించుకోవాలని ఆఫీసు మాట. లీడ్ సార్ ఒకసారి వెనకనుంచి వచ్చి, "ఆయనకి నువ్వు మనవరాలివా ఏంటమ్మా?" అన్నాడు. "ఆరోగ్యం అడుగుతున్నా సార్," అంది. పైచదువు సంగతి మేస్త్రికి మాత్రం చెప్పింది. పరీక్షకి మాటలు కావాలనీ, పుస్తకాల్లో లేనివి కావాలనీ చెప్పింది.

"అయితే నేను చెబుతా," అన్నాడాయన. గొంతు ఒక్కసారిగా పదేళ్లు చిన్నదైంది. "రోజుకొకటి. ముందు నువ్వు ఊహించాలి. ఊహించలేకపోతే రేపటిదాకా చెప్పను."

అలా మొదలైంది ఆట. "ఇవాళ నేను కూర్చున్న కుక్కని చూశాను. ఏమిటది?" అనేవాడు. ఆమె తలకిందులయ్యేది. మర్నాడు చెప్పేవాడు: కప్పులోంచి పైకి లేచి నిలబడే చిన్న కిటికీ అని. ఎద్దుకన్ను అంటే గుండ్రటి కిటికీ. పిల్లిదారి అంటే కప్పుకింద గాలాడటానికి వదిలే కన్నం. అన్నీ జంతువులే. "పైన మాకు తోడెవరు మరి," అనేవాడు. ఒక్కోరోజు పనిమాట కాక తన ఊరి యాస పడేసేవాడు. ఆమె ఉక్కిరిబిక్కిరైతే దగ్గు వచ్చేదాకా నవ్వేవాడు. ఆ మాటలన్నీ ఇంట్లో వల్లె వేస్తుంటే తల్లి మిషను ఆపి అడిగింది, "ఎవరే నీకిన్ని చెబుతున్నది?"

"ఒక తాతమ్మా. కప్పులు వేసేవాడు."

"ఊరికే చెబుతున్నాడా?"

"ఊరికే."

"నువ్వు ఆయన్ని ఏమన్నా అడుగుతావా మరి? తిన్నాడా, పడుకున్నాడా అని?"

బుల్లి చేతిలో ఉన్న కుట్టు దారం తెంపింది. "అడుగుతాను," అంది. నిజానికి అడగడం తక్కువే. ఉన్న కాస్త సమయం మాటలకే సరిపోయేది కాదు. వాళ్లిద్దరికీ అది ఇష్టమే కదా అనుకునేది.

చలికాలం పోయి ఎండలు మొదలయ్యాయి. పరీక్ష దగ్గరపడింది. ఆ రోజు ఆయన గడి ఎర్రబడటం కొంచెం ఆలస్యమైంది. బుల్లి అప్పటికే ఎదురుచూస్తోంది. శాలువా సర్దుకుని చటుక్కున అందుకుంది.

"బోంజూర్, మేస్త్రి గారూ. ఇవాళ ఏ జంతువు?"

అవతల కాసేపు ఊపిరి వినబడింది. తర్వాత ఆయన అన్నాడు, "కుక్క... కుక్క నా చెయ్యి పట్టుకుపోయింది."

బుల్లి నవ్వింది. "ఇది కొత్తదండీ. చెయ్యి లేని కుక్క... కూర్చున్నదా, పడుకున్నదా?"

"చెయ్యి. మంగళవారం చెయ్యి. మెట్లు... మెట్లు తాగేశాను."

"ఆగండాగండి. మెట్లు తాగడం అంటే... నిచ్చెన ఎక్కడమా? మీ ఊరి మాటా, పనిమాటా?"

"కుక్క," అన్నాడాయన. "కుక్క. కుక్క."

"అంత గట్టిగా చెబితే నేను చెప్పేస్తాననా? ఇంకో ఆధారం ఇవ్వండి."

ఆయన ఇంకేవో అన్నాడు. అన్నీ విడివిడిగా ఆమెకి తెలిసిన మాటలే. గొడుగు, ఉప్పు, ఆదివారం. ఒకదానికొకటి అతకడం లేదు. ఆమె ఊహిస్తూనే ఉంది. చిమ్నీయా? వాననీళ్ల గొట్టమా? చూరా? ప్రతిదానికీ ఆయన ఊపిరి మాత్రం వినబడింది. ఇవాళ మరీ కష్టమైంది పెట్టాడు అనుకుంది. కానీ నోరు ముద్దగా ఉండటం చెవి పట్టింది. కట్టుడుపళ్లు పెట్టుకోలేదేమో అనుకుంది. ఆమె ఇంకో ఊహ చెప్పబోతుంటే ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. పెద్ద శబ్దంతో కాదు. మాటలు వెతికి వెతికి దొరకక, దొరికిన మాటే మళ్లీ మళ్లీ అంటూ, మధ్యలో ఏడుస్తున్నాడు.

అప్పుడు ఆమె బల్లమీద కాగితం చూసింది.

"పడ్డారా?" అంది. గొంతు తనది కాదు. "మేస్త్రి గారూ, పడ్డారా? నొప్పి ఉందా?"

"ఆదివారం," అన్నాడాయన.

అంబులెన్సుకి కబురు పంపింది. వాళ్లు తలుపు తీసేదాకా లైన్లో ఉండి మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడిందో తర్వాత ఆమెకి గుర్తులేదు. తలుపు చప్పుడు, బూట్లు, ఒక మగగొంతు గట్టిగా ఆయన్ని పేరుతో పిలవడం వినబడ్డాయి. లైను పోయింది. గడి రంగు మామూలుగా మారింది. పక్క బల్లలో ఉంగరాలు ఎవరికో వాతావరణం చెబుతోంది.

మెదడులో నరం మూసుకుపోయిందని సాయంత్రానికి తెలిసింది. మాటలు తారుమారు కావడం దాని మొదటి గుర్తు. వెంటనే సూది మందు పడితే చాలామంది మళ్లీ మాట్లాడతారట. ఆయన విషయంలో ఆ వేళ దాటిపోయింది. ఎంత దాటింది, అందులో బుల్లి ఆట ఎంత, కఫేలో కూర్చుని ఆలస్యంగా బయల్దేరిన అంబులెన్సు డ్రైవరు వాటా ఎంత అని ఎవరూ తేల్చలేదు. తేల్చవలసిన అవసరం కూడా ఎవరికీ కనబడలేదు.

అద్దాల గదిలో లీడ్ సార్ రికార్డింగు వినిపించాడు. తన నవ్వు ఆ గదిలో మోగింది. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"రూలు నీకు తెలుసుగా," అన్నాడాయన.

"తెలుసు సార్."

"మరెందుకు అడగలేదు?"

"ఆయన రోజూ అలాగే మాట్లాడతారు సార్. ఆట అనుకున్నాను."

ఆయన చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. చెడ్డమనిషి కాడు. "చూడమ్మా, అక్కడ పుట్టిన పిల్ల అయితే రెండో మాటకే పట్టేసేది. అంత మాత్రం అందరికీ తెలుసు. ఆ మాట ఎక్కడా అనకు. కంపెనీ కూడా అనదు. ఆయన కూతురు నీతో మాట్లాడతానంటోంది. జాలిపడు, అంతే. క్షమాపణ చెప్పకు. చెబితే ఒప్పుకున్నట్టవుతుంది."

కూతురు ఫోను మరునాడు కలిపారు. లీడ్ సార్ వినడానికి రెండో హెడ్‌సెట్టు తగిలించుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ ఒక పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లెత్తే పని చేస్తుందట. గొంతులో కోపం లేదు. నిద్రలేని అలసట ఉంది.

"రికార్డింగు విన్నాను," అంది. "మీరు నవ్వారు. ఎందుకు?"

బుల్లి చెప్పింది. ఆయన రోజూ మాటలు నేర్పేవారని, ఊహించమనేవారని, తను పరీక్షకి చదువుకుంటోందని, ఆ రోజు కూడా అలాంటి మాటే అనుకున్నానని, ముందే అడిగి ఉంటే, అడగాలన్న ఆలోచన తట్టి ఉంటే అని చెప్పింది. ఏళ్లతరబడి ఆమెని సతాయించిన క్రియారూపాలన్నీ ఒక్కటి తప్పకుండా, తడుముకోకుండా వాటంతటవే వచ్చేశాయి. చెబుతుండగానే ఆ సంగతి ఆమె చెవికి తెలిసింది. మధ్యలోనే ఆగిపోయింది.



"రోజూ ఫోన్ చేసేవారా?" అంది ఆవిడ. "నాకెప్పుడూ చెప్పలేదు. నేను ఆదివారాలు చేసేదాన్ని. బాగానే ఉన్నానని పెట్టేసేవారు." తర్వాత, "మీ ఫ్రెంచి చాలా బాగుంది," అంది. అందులో మెప్పు లేదు, వెటకారమూ లేదు.

"నన్ను క్షమించండి," అంది బుల్లి. లీడ్ సార్ చెయ్యెత్తాడు కానీ లైను కట్ చేయలేదు.

"ఏమో," అంది కూతురు. "ఇప్పుడు నేనేం చెప్పలేను." ఫోను పెట్టేసింది.

బుల్లిని ఎవరూ పొమ్మనలేదు. ఆమే మానేసింది. మానేసేముందు కొన్నాళ్లు, తెరమీద గడి ఎర్రబడితే చాలు, జవాబు రాకముందే అందరికీ అంబులెన్సులు పంపేయడం మొదలుపెట్టింది. వాన గురించి అడిగినావిడకి కూడా పంపింది. ఉంగరాలు గేటుదాకా వచ్చి, "నేనైనా అంతే చేసేదాన్ని," అంది. అది నిజమో కాదో ఇద్దరికీ తెలియదు.

ఇంట్లో రేడియో ఆగిపోయింది. పాత కుట్లు విప్పుతూ కూర్చునేది. తను చేయకపోయేసరికి ఆదివారాలు పోస్టావిడే చేసేది, ఫోను మోగి మోగి ఆగేది. కొన్నాళ్లకి మోగడం కూడా మానేసింది. ఫ్రెంచి పోతే పోనీ అనుకుంది. కానీ అది పోలేదు. గిన్నె కడుగుతుంటే గిన్నె, గొడుగు విప్పుతుంటే గొడుగు ఫ్రెంచిలో ముందుకొచ్చి నిలబడేవి. పోగొట్టుకోవాలనుకున్నప్పుడు ఒక్క మాటా జారలేదు.

తల్లికి జరిగిందంతా చెప్పింది. తల్లి మిషను తొక్కడం ఆపి విన్నది. ఊరడించలేదు.

"తిన్నాడా అని అడుగుతున్నావా అన్నాను," అంది చివరికి.

"అన్నావమ్మా."

 ఆ రాత్రి ఇద్దరూ అన్నాలు తినలేదు.

పరీక్ష వారంలో మాస్టారు వెతుక్కుంటూ వచ్చాడు. ప్యాంట్ల గుట్టల మధ్య కుర్చీ ఇరికించుకుని కూర్చుని విన్నాడు.  కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"చెవి చాలదన్నది నేనే," అన్నాడు.

"మీదేం లేదు మాస్టారూ."

"పరీక్ష రాయి."

"ఎందుకండీ?"

"ఎందుకో నాకూ తెలీదు. రాయకపోతే ఏం చేస్తావో చెప్పు. ఇక్కడ కూర్చుని కుట్లు విప్పుతావు, అంతేగా?"

కుట్టుపని చేసే తల్లి ఎదురుగా అనకూడని మాట అది. అన్నాక ఆయనకే తెలిసి తలవంచుకున్నాడు. తల్లి మాత్రం, "రాయనీండి," అంది.

రాసింది. వినడానికి పెట్టిన భాగంలో ఒక ముసలాయన రైలు ప్రయాణం గురించి గొణుగుతున్నాడు. పక్కనున్నవాళ్లు నుదుళ్లు ముడిచి, హెడ్‌సెట్లని చెవులకి అదుముకుంటున్నారు. ఆమెకి ప్రతి అక్షరమూ విడిగా వినబడింది. జవాబులన్నీ రాసేసి, ఇంకా సమయం ఉండగానే కలం కిందపెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇంటర్వ్యూ కంప్యూటరులో జరిగింది. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ మెత్తగా అడిగింది, వేసవి శిక్షణ అయ్యాక భాషని ఎలా నిలబెట్టుకున్నారని. రేడియో గురించి, పుస్తకాల గురించి మాస్టారు ఒక జవాబు తయారుచేసి పెట్టాడు. బుల్లి దాన్ని పక్కనపెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెబితే సీటు పోతుందని ఆమెకి తెలుసు. పోవాలనే చెప్పిందేమో కూడా. ముగ్గురూ కదలకుండా విన్నారు. చివర కూర్చున్నాయన ఏదో రాసుకుని, "భాషతో పనిచేసేవాళ్లకి ఎంతో విలువైన అనుభవం," అన్నాడు. ఆమె తెర మీంచి చూపు తిప్పి, మర్యాదగా తల ఊపింది.

సీటు వచ్చింది, స్కాలర్‌షిప్పుతో సహా.

"వెళ్తావా?" అంది తల్లి.

"వెళ్తే తప్పా అమ్మా?"

"తప్పో ఒప్పో నాకేం తెలుసు. నువ్వెళ్లకపోతే ఆయన లేచి కూర్చుంటాడా?" తల్లి కాలర్ కుట్టు తిప్పి చూసింది. "అక్కడికెళ్లాక ఆయన్ని చూసిరా. ముందు ఆ పని చెయ్యి."

వెళ్లినవెంటనే ఆ పని చెయ్యలేకపోయింది. హాస్టల్ గది, కొత్త క్లాసులు, అనువాదానికి ఇచ్చిన కాగితాల కట్టలు అడ్డం చెప్పుకుని రోజులు నెట్టింది. ఆకులు రాలే కాలంలో కూతురికి ఒక సందేశం పంపింది. చాలా రోజులకి జవాబు వచ్చింది. వృద్ధాశ్రమం పేరు, చూడనిచ్చే వేళలు, ఏ బస్సు ఎక్కాలో ఉన్నాయి. కింద ఒక ముక్క: నేను ఉండను.

ఆశ్రమం ఊరి చివర ఉంది. నడవాలో రబ్బరు నేలమీద నడిస్తే బూట్లు కీచుమన్నాయి. గదుల తలుపులన్నీ సగం తెరిచి ఉన్నాయి. ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. పెద్ద శరీరం ఉంటుందనుకుంది. చక్రాల కుర్చీలో ఉన్నది చిన్న మనిషి. చేతులు మాత్రం చాలా పెద్దవి. అందులో ఒకటి ఒళ్లో వెల్లకిలా పడి ఉంది.

"ఆయనకి ఒక్క మాటే మిగిలింది," అంది నర్సు. "కాదు అంటారు. మంచినీళ్లు కావాలన్నా కాదే, వద్దన్నా కాదే. మొహం చూసి మేం తెలుసుకుంటాం."

బుల్లి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆయన ఆమె మొహంకేసి చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ మొహం ఆయనకీ కొత్తే.

"బోంజూర్, మేస్త్రి గారూ," అంది.

ఆయన తల మెల్లగా ఇటు తిరిగింది. కళ్లు ఆమె నోటిమీద ఆగాయి. బాగున్న చెయ్యి గుండెలమీదకి వెళ్లి చొక్కా గుండీల దగ్గర వెతికింది. మెళ్లో వేలాడే బొత్తాం ఇప్పుడు అక్కడ లేదు.

"నేనేనండీ. నాకు సీటు వచ్చింది. చదువుకుంటున్నాను."

"కాదు," అన్నాడాయన.

"ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఆట అనుకున్నాను."

"కాదు. కాదు."

అది కోపమో, ఫరవాలేదనడమో, నువ్వు ఆ పిల్లవి కావనడమో ఆమెకి తెలియలేదు. ఆయన మొహంలో వెతికింది. నర్సులకి కనబడేదేదో ఆమెకి కనబడలేదు. ఏళ్లతరబడి చదివిన భాషలో ఒకే ఒక్క మాట ఎదురుగా ఉంది. దాన్ని ఏ మాటగా అనువదించాలో ఆమెకి అందలేదు.

"తిన్నారా?" అంది చివరికి.

 కాసేపటికి నర్సు పళ్లెం తెచ్చింది. బుల్లి తినిపిస్తానంది. మెత్తగా చేసిన బంగాళాదుంప, ఉడికిన క్యారెట్టు. ఒక పక్క పెదవి సరిగ్గా మూతపడదు కాబట్టి గుడ్డ పట్టుకుని తుడుస్తూ పెట్టాలి. కొన్ని ముద్దలు తిన్నాడు. కొన్నిటికి మొహం తిప్పుకున్నాడు. పళ్లెంలో సగం మిగిలింది. నర్సు వచ్చి, ఇవాళ బాగానే తిన్నారంది.

మర్నాడు పొద్దున క్లాసు ఉంది. ఆమె ఆఖరి బస్సు ఎక్కింది. బస్సులో ఇద్దరు ముసలాడవాళ్లు ఎవరి గురించో గుసగుసలాడుకుంటున్నారు. వినకూడదనుకున్నా ప్రతి మాటా వినబడింది.